గాయపడిన అడవి పంది వెంట వెళ్ళే ముందు

పలమనేరు, కుప్పం అడవి అంచు పల్లెల్లో చెనిక్కాయ ఊరే కాలం వచ్చేస్తోంది. పంటను కాపాడుకోవడానికి అటవీ శాఖ రాతపూర్వక అనుమతితో పందిని కాల్చేవాళ్ళు ఇవి చూసుకోండి.

దెబ్బ తగిలిన వెంటనే చెరుకు తోటలోకి దూరొద్దు. నొప్పితో పడుకున్న పంది మనిషి దగ్గరికొస్తే మీదికే ఉరుకుతుంది. కోర తగిలేది తొడకే, పెద్ద రక్తనాళం ఉండేదీ అక్కడే.

ఆఖరున కనిపించిన చోట కొమ్మకు గుడ్డ కట్టండి. జాడ తప్పితే మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టాలి.

నెత్తురు వంగి చూడండి. లేత ఎరుపులో నురగ కనబడితే ఊపిరితిత్తులకు తగిలింది, చాలావరకు దగ్గర్లోనే పడుంటుంది. పచ్చగా, పేడ వాసన కొడితే పేగులకు తగిలినట్టు. అప్పుడు కొన్ని గంటలు ఆగాల్సిందే. తొందరపడి తరిమితే ఎక్కడో దూరాన పొదల్లో గంటల తరబడి కొట్టుకుని చస్తుంది. మూగజీవానికి ఆ బాధ పెట్టేది మనమే.

జాడ తొక్కొద్దు, పక్కన నడవండి.

చీకటి పడినా దొరక్కపోతే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పి, తెల్లారగానే మళ్ళీ వెతకండి.

చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి, 1972 వన్యప్రాణి చట్టం 39వ సెక్షన్ ప్రకారం. కూరకు పంచుకోవద్దు. అనుమతి లేకుండా గాయం చేసినా అది వేట కిందికే వస్తుంది.