తొలకరికి పిల్లలతో గింజలు నాటించే ముందు

జూన్ మొదట్లో ఒక్క వాన పడితే చాలు, మా అనంతపురం వైపు పిల్లలు పుల్లో పారో పట్టుకుని పెరట్లోకి దిగుతారు. దిగనివ్వండి. అయితే వాళ్ల చేతిలో పెట్టే గింజ ఎక్కడిదో ముందు చూడండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఈ గింజ గురించే. సరిగ్గా ఈ రోజుల్లోనే రైతుల ఇళ్లలో వేరుశనగ విత్తనం ఒలిచి, తెగుళ్ల మందు పట్టించి నీడన ఆరబెడతారు. పచ్చి గింజ కనబడితే నోట్లో వేసుకోవడం మన పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న అలవాటు. మందు గింజ అని తెలియడానికి చాలా మందుల్లో ఎరుపో గులాబీయో రంగు కలుపుతారు. కానీ వేరుశనగ పొట్టుదీ దాదాపు అదే రంగు! పెద్దవాళ్లకు వేలి కొసలకు రంగు అంటితే అర్థమవుతుంది, అయిదేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? అందుకే విత్తనానికి ఉంచిన దానిలోంచి గుప్పెడు కూడా ఇవ్వకండి. వంటింటి డబ్బాలోని వేయించని వేరుశనగ గింజలు, అలసందలు, పెసలు చక్కగా మొలుస్తాయి. మందు కలిపిన బేసిను, ఖాళీ మందు డబ్బా మొక్కల పనికి వద్దే వద్దు.

పొరపాటున మందు గింజ తింటే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. మందు ప్యాకెట్టు వెంట తీసుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఆముదపు గింజలు, గన్నేరు కాయలు కూడా విషమే. చారల ఆముదపు గింజ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పిల్లలు జేబుల్లో దాచుకుంటారు. విత్తడం అయ్యాక జేబులు దులపండి, సబ్బుతో చేతులు కడిగించండి.

కుండీలు, ఇటుకలు, రాళ్లు పిల్లల చేత జరిపించకండి. చల్లదనానికి తేళ్లు వాటి కిందే చేరతాయి. ముందు రోజే మీరు కర్రతో కదిలించి చోటు శుభ్రం చేయండి. తేలు కుట్టిన పిల్లవాడికి ఒళ్లంతా చెమట పట్టి, వాంతులై, కాళ్లూ చేతులూ చల్లబడితే అది ఒట్టి నొప్పి కాదు, ప్రాణం మీదికి వచ్చే లక్షణం. పాము కాటైతే కట్టు బిగించకండి, కోయకండి. కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా 108కి ఫోను చేయండి. మంత్రాలకని ఆగితే విరుగుడు మందుకు ఆలస్యమవుతుంది.

పని ఉదయం ఎనిమిదిలోపు ముగించండి. ఎండలో పడి ఉన్న పైపులోంచి మొదట వచ్చే నీళ్లు కాగి ఉంటాయి, ఆ నీళ్లు వదిలేశాకే పైపు పిల్లలకు ఇవ్వండి. డ్రమ్ముకూ తొట్టికీ మూత తప్పనిసరి.

నెల తిరిగేసరికి వేరుశనగ పసుపు పూలు పూస్తుంది. ఆ తర్వాత పూల మొదళ్ల నుంచి ఊడలు దిగి మట్టిలోకి వెళ్తాయి, కాయలయ్యేవి అవే. ఇక అప్పటి నుంచి మొక్క మొదట్లో పుల్లతో గీకొద్దని చెప్పి, పిల్లలను పక్కన కూర్చోబెట్టి ఆ ఊడలను చూపించండి.