తులంలో మాషం రాగి: పాత తూకాలను హాల్‌మార్కు లెక్కలోకి మార్చడం

ఇంట్లో దొరికిన పాత పెళ్లి జాబితాలో ‘కాసులపేరు, 4 తులాల 3 మాషాల 5 గురిగింజలు’ అని రాసి ఉందనుకుందాం. దాన్ని గ్రాముల్లోకీ, వెయ్యికి ఇన్ని పాళ్లనే మేలిమి లెక్కలోకీ మార్చాలంటే, ఆ తులం ఏ తులమో ముందుగా తేల్చుకోవాలి. నేడు నగల దుకాణంలో తులమంటే 10 గ్రాములు. కాసు లేదా సవర అంటే 8 గ్రాములు, ఇది 7.988 గ్రాముల బ్రిటిష్ బంగారు నాణేన్ని సర్దిన అంకె. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. అంతకుముందు రాసిన జాబితాల్లో తులమంటే సాధారణంగా 180 గ్రెయిన్లు (గ్రెయిన్ బ్రిటిష్ తూకాల్లో ఒక చిన్న కొలత), అంటే 11.664 గ్రాములు. ఈస్టిండియా కంపెనీ 1833లో రూపాయి నాణెం ఎత్తునే తులంగా స్థిరపరచింది. మాషాలు, గురిగింజలు రాసి ఉంటే అది పాత తులమేనని చాలావరకు నమ్మవచ్చు.

ఆ తులానికి 12 మాషాలు, మాషానికి 8 గురిగింజలు. మొత్తం 96 గింజలు. నిజమైన గింజలు ఒకదానికొకటి సరితూగవు కాబట్టి గింజ ఎత్తును తులం నుంచే రాబట్టాలి: 11.664ను 96తో భాగిస్తే 0.1215 గ్రాము. ప్రాచీన ధర్మశాస్త్రాల లెక్కలో మాషానికి అయిదే గింజలు కనుక, ఆ లెక్కను దీనితో కలపకూడదు.

అన్నిటినీ గింజల్లోకి దించి, చివర ఒక్కసారే గ్రాముల్లోకి మార్చడం మేలు. నాలుగు తులాలకు 384, మూడు మాషాలకు 24, పైన 5, కలిపి 413 గింజలు. వీటిని 0.1215తో గుణిస్తే 50.18 గ్రాములు వస్తాయి. ఇదే నగను 10 గ్రాముల తులంతో లెక్కిస్తే 43.02 గ్రాములే వస్తాయి. అంటే ఏడు గ్రాములకు పైగా బంగారం కాగితం మీదే మాయమవుతుంది.

ఇక మేలిమి సంగతి. స్వచ్ఛమైన బంగారాన్ని 24 క్యారెట్లుగా తీసుకుంటారు కనుక, క్యారెట్లను 24తో భాగించి వెయ్యితో గుణిస్తే వెయ్యికి ఎన్ని పాళ్లో తెలుస్తుంది. ఆ విధంగా 22 క్యారెట్లు 916.67 అవుతాయి, హాల్‌మార్కు ముద్రలో చివరి భిన్నాన్ని వదిలి 916 అని వేస్తారు. పాత ఇంగ్లీషు పరీక్షకులు ఒక్కో క్యారెట్‌ను మళ్లీ నాలుగు గ్రెయిన్లుగా విడదీసేవారు; ఇవి మేలిమి పాళ్లే గాని, పైన చెప్పిన తూకపు గ్రెయిన్లు కావు. ఇరవై నాలుగు నాలుగులు తొంభై ఆరు. మన తులంలోని గింజలూ తొంభై ఆరే. అందుచేత తులం ఎత్తు నగలో ఒక్కో గింజ ఎత్తు కల్తీకి పావు క్యారెట్, అంటే వెయ్యికి 10.42 పాళ్లు తగ్గుతాయి. మాషం కల్తీ ఉంటే రెండు క్యారెట్లు తగ్గి సరిగ్గా 22 క్యారెట్ల బంగారం మిగులుతుంది. నాకు ఈ లెక్కలన్నిటిలోకీ ముచ్చటైనది ఇదే. తులం ఎత్తున్న ఆ కంపెనీ రూపాయి వెండిలోనూ పన్నెండింట పదకొండు పాళ్లే మేలిమి.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. ‘తులంలో మాషం రాగి’ వేరు, ‘తులానికి మాషం రాగి’ వేరు. మొదటిదానిలో 11 మాషాల బంగారం, 1 మాషం రాగి, మేలిమి 916.67. రెండవదానిలో 12 మాషాల బంగారానికి పైన మరో మాషం రాగి చేరి మొత్తం 13 మాషాలవుతుంది; మేలిమి 923.08. కాబట్టి కంసాలి చెప్పినది ఏ విభక్తిలో చెప్పాడో అడిగి తెలుసుకోవాలి. మేలిమిని వన్నెల్లో చెప్పే పాత లెక్కలో ‘పదారు వన్నె’ను పూర్తి మేలిమిగా తీసుకుంటే, ఒక్కో వన్నెకు 62.5 పాళ్లు కట్టాలి.

గీటురాయి మీద తేలేది అంచనా మాత్రమే. నిక్కమైన అంకె కావాలంటే బంగారాన్ని పుటం పెట్టవలసిందే. నగ నుంచి తీసిన చిన్న ముక్కను తూచి, దానికి వెండి చేర్చి, సీసపు రేకులో చుట్టి మూసలో కాలుస్తారు. సీసమూ రాగీ ఆక్సైడ్లుగా మారి మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన పూసను రేకుగా సాగదీసి నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోయి బంగారమే నిలుస్తుంది. 250 మిల్లీగ్రాములలో 229.2 నిలిస్తే మేలిమి 916.8. ఇది నిష్పత్తి గనుక మిల్లీగ్రాముల్లో తూచినా గింజల్లో తూచినా అంకె మారదు. ముక్కను టంకం పెట్టిన చోట తీస్తే మాత్రం ఫలితం నగ మొత్తానికి వర్తించదు.

హాల్‌మార్కు ముద్ర మేలిమిని చెబుతుంది గాని, బరువును చెప్పదు. రెండింటినీ గుణిస్తేనే అసలు బంగారమెంతో తేలుతుంది. రాళ్లుంటే ముందుగా వాటి బరువు తీసివేయాలి. రాళ్ల క్యారెట్ 0.2 గ్రాముల తూకమే గాని మేలిమి కొలత కాదు. మన కాసులపేరుకు పరీక్షలో 833 వచ్చిందనుకుంటే, 50.18ని 0.833తో గుణించగా 41.80 గ్రాముల మేలిమి బంగారం. దాన్ని మళ్లీ 0.1215తో భాగిస్తే 344 గింజలు, అంటే జాబితా రాసినవారి లెక్కలో 3 తులాల 7 మాషాలు.