పోస్ట్‌గ్రెస్ మేజర్ వెర్షన్ మార్చాక తలెత్తే సమస్యలు - పరిష్కారాలు

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌ను కొత్త మేజర్ వెర్షన్‌కు మార్చే పీజీ-అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్ విజయవంతంగా ముగిసి, కొత్త సర్వర్ మొదలై, టేబుళ్లన్నీ కనిపిస్తున్నా నిర్వహణ పని కొంత మిగిలే ఉంటుంది. దాన్ని వదిలేస్తే సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

సమస్య: నిన్నటిదాకా క్షణాల్లో వచ్చిన క్వెరీలు నిమిషాలు తీసుకుంటున్నాయి.

ఏ కాలమ్‌లో ఏ విలువ ఎంత తరచుగా వస్తుందో చెప్పే గణాంకాలను 17వ వెర్షన్ వరకు పీజీ-అప్‌గ్రేడ్ కొత్త క్లస్టర్‌కు (ఒక సర్వర్ నడిపే డేటాబేసుల సముదాయానికి) తీసుకురాదు. అవి లేనందువల్ల క్వెరీని ఎలా నడపాలో తేల్చే ప్లానర్ తప్పు దారి ఎంచుకుంటుంది. నేపథ్యంలో దానంతటదే నిర్వహణ పనులు చేసే ఆటోవాక్యూమ్ చూసుకుంటుందిలే అని ఊరుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే టేబుల్‌లో తగినన్ని వరుసలు మారితేనే అది ఎనలైజ్ (గణాంకాల సేకరణ) నడుపుతుంది. వాక్యూమ్‌డీబీ అనే ప్రోగ్రామ్‌ను అన్ని డేటాబేసులకూ దశలవారీ ఎనలైజ్ ఆప్షన్‌తో నడపాలి. అది గణాంకాల లక్ష్యాన్ని (ఎంత వివరంగా సేకరించాలనే సెట్టింగ్‌ను) మొదట 1గా, తర్వాత 10గా, చివరికి మామూలు విలువగా పెట్టుకుని మూడు దశల్లో పనిచేస్తుంది కాబట్టి పనికొచ్చే గణాంకాలు త్వరగా సిద్ధమవుతాయి. 18వ వెర్షన్ చాలా గణాంకాలను తనతో తెస్తుంది గనుక, లేనివాటిని మాత్రమే సేకరించే ఆప్షన్‌ను అక్కడ జోడించాలి; లేకుంటే ఉన్న మంచి గణాంకాలు కాసేపు నాసిరకంగా మారతాయి. ఇది పూర్తికాకముందే మెమరీ సెట్టింగులు పెంచడం, కొత్త ఇండెక్సులు (వెతుకులాటను వేగం చేసే సూచికలు) వేయడం దండగ.

సమస్య: టేబుల్‌లో ఉన్న పేరు వెతికితే దొరకడం లేదు, లేదా యునీక్ కాలమ్‌లోకి (ప్రతి విలువా ఒక్కసారే ఉండాల్సిన చోటికి) ఒకే విలువ రెండుసార్లు చేరింది.

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఎర్రర్ ఏదీ రాకుండానే జరుగుతుంది. చాలా సందర్భాల్లో దీనికి కారణం డేటాబేస్ కాదు, దానితోపాటే మార్చిన ఆపరేటింగ్ సిస్టమ్. 2018లో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) 2.28 అక్షరక్రమాన్ని గణనీయంగా మార్చింది. డెబియన్ 9 నుంచి 10కి, రెడ్‌హ్యాట్ 7 నుంచి 8కి వెళ్లినవారు ఈ గీత దాటినట్టే. ఇండెక్స్ ఫైళ్లు పాత క్రమంలోనే ఉండగా సర్వర్ కొత్త క్రమంలో వెతుకుతుంది. సంఖ్యలు, తేదీల ఇండెక్సులకూ, సీ కొలేషన్ (అక్షరాలను బైట్ల క్రమంలోనే పోల్చే నియమం) వాడేవాటికీ ఈ బెడద లేదు. 15వ వెర్షన్ నుంచి కొలేషన్ వెర్షన్ తేడా మీద హెచ్చరిక వస్తుంది గానీ, అంతకుముందు వెర్షన్ నుంచి వచ్చిన డేటాబేస్‌కు పాత నమోదే ఉండదు గనుక హెచ్చరిక రాలేదని నిశ్చింతగా ఉండకూడదు.

ఏఎమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్‌తో (అదనంగా చేర్చే భాగంతో) ఇండెక్సులను పరీక్షించి, టెక్స్ట్ ఇండెక్సులన్నిటినీ రీఇండెక్స్ చేయాలి, అంటే తిరిగి తయారుచేయాలి. 12వ వెర్షన్ నుంచి కంకరెంట్లీ పద్ధతిలో రాతలను ఆపకుండానే చేయవచ్చు. నకిలీ వరుసలు అప్పటికే చేరి ఉంటే యునీక్ ఇండెక్స్ తిరిగి తయారు కాదు, ముందు వాటిని తొలగించాలి. డేటాబేస్ కొలేషన్ వెర్షన్‌ను రిఫ్రెష్ చేయడం ఆ తర్వాతి పని. ఆ ఆదేశం హెచ్చరికను మాన్పుతుందే తప్ప ఇండెక్స్‌ను బాగుచేయదు.

సమస్య: సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా లాగిన్ కావడం లేదు.

పాత రోల్ (డేటాబేస్ యూజర్) పాస్‌వర్డ్ ఎండీ5 అనే పాత రూపంలో ఉండి, కొత్త హెచ్‌బీఏ ఫైల్ (ఎవరు ఎలా లాగిన్ కావాలో చెప్పే ఫైల్) స్క్రామ్ అనే కొత్త, మరింత భద్రమైన రూపాన్ని కోరితే ఇలా అవుతుంది. 14వ వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్ స్క్రామే. ఆ ఫైల్‌లో తాత్కాలికంగా ఎండీ5 ఉంచి, పాస్‌వర్డులను తిరిగి పెట్టించి, తర్వాత స్క్రామ్‌కు మార్చాలి.

సమస్య: ఎక్స్‌టెన్షన్ పాత వెర్షన్‌లోనే ఉండిపోయింది.

పీజీ-అప్‌గ్రేడ్ వదిలివెళ్లిన ఎక్స్‌టెన్షన్ల అప్‌డేట్ స్క్రిప్ట్‌ను నడిపితే సరిపోతుంది.

పాత క్లస్టర్‌ను తొలగించే స్క్రిప్ట్ విషయంలో మాత్రం తొందర వద్దు. అయితే లింక్ పద్ధతిలో (ఫైళ్లను కాపీ చేయకుండా పాత, కొత్త క్లస్టర్లు పంచుకునేలా) అప్‌గ్రేడ్ చేసి కొత్త సర్వర్‌ను ఒకసారి మొదలుపెట్టాక, పాతదాన్ని సురక్షితంగా నడపడం సాధ్యం కాదు. అప్పుడు వెనక్కి వెళ్లే దారి అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన బ్యాకప్ ఒక్కటే.