యాప్ స్టోర్‌లో ఎన్‌క్రిప్షన్ గురించి అడిగితే ఏం పెట్టాలి

ఐఫోన్ యాప్ మొదటిసారి అప్‌లోడ్ చేసిన ప్రతివాళ్లూ ఇక్కడ ఆగుతారు. యాప్‌ని ముందుగా పరీక్షించే టెస్ట్‌ఫ్లైట్‌లో బిల్డ్ పక్కన మిస్సింగ్ కంప్లయన్స్ అని వస్తుంది, నొక్కితే మీ యాప్‌లో ఎలాంటి ఎన్‌క్రిప్షన్ (కీ లేనివాళ్లు చదవలేకుండా డేటాని మార్చడం) ఉంది అని అడుగుతుంది. గ్రూపుల్లో అడిగితే "ఏం లేదని కొట్టేయండి బ్రో" అంటారు. చాలా యాప్‌లకి ఆ జవాబు కరెక్టే, కానీ ఎందుకు కరెక్టో తెలీకుండా కొడితే రేపు వేరే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీతో చాట్ ఫీచర్ పెట్టినప్పుడు కూడా అదే కొడతారు, అప్పుడు అది తప్పుడు డిక్లరేషన్ అవుతుంది.

అసలు మనకెందుకు ఈ గోల అంటే, మీరు మాదాపూర్‌లో కూర్చుని రాసినా, యూజర్లు అందరూ విజయవాడలో ఉన్నా, యాప్ వెళ్లేది యాపిల్ వాళ్ల అమెరికా సర్వర్లకి. అక్కడ నుంచి వేరే దేశంలో ఎవరి ఫోన్‌లోకి దిగినా వాళ్ల చట్టం లెక్కలో అది అమెరికా నుంచి ఎగుమతే. ఆ ఎగుమతి రూల్స్‌ని ఈఏఆర్ అంటారు, చూసుకునేది వాళ్ల కామర్స్ శాఖలోని బీఐఎస్ అనే విభాగం. ఇప్పుడు పర్లేదు గానీ 1990ల్లో ఎన్‌క్రిప్షన్ ఆయుధాల లిస్టులో ఉండేది, పీజీపీ అనే మెయిల్ ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ రాసినందుకు ఫిల్ జిమ్మర్‌మన్ మీద 1996 దాకా క్రిమినల్ విచారణ నడిచింది, నెట్‌స్కేప్ బ్రౌజర్ బయటి దేశాలకి 40 బిట్ల బలహీనమైన కీతో వచ్చేది. 1996 చివర్లో ఎన్‌క్రిప్షన్‌ని ఆయుధాల లిస్టు నుంచి కామర్స్ శాఖకి మార్చారు, 2000లో బాగా సడలించారు. తమాషా ఏంటంటే ఎగుమతి కోసం బలహీనం చేసిన ఆ పాత కీల సపోర్టు సర్వర్లలో అలాగే ఉండిపోయి 2015లో ఫ్రీక్ అటాక్ అనే లోపంగా బయటపడింది, దొరికిపోయిన సైట్లలో అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ వాళ్ల సొంత సైట్ కూడా ఉంది.

సరే పనిలోకి వద్దాం. ఫోన్‌లో ఎన్‌క్రిప్షన్ చేసేది ఐఓఎస్సా, లేక మీరు యాప్‌లో పెట్టిన కోడా, ముందు అది తేల్చుకోండి. సర్వర్‌తో హెచ్‌టీటీపీఎస్‌లో మాట్లాడటం, పాస్‌వర్డ్‌ని కీచైన్‌లో దాచడం, యాపిల్ ఇచ్చిన క్రిప్టోకిట్ లైబ్రరీ వాడటం, ఇవన్నీ ఐఓఎస్ చేసే పని కాబట్టి మీరు ఏ పత్రమూ ఇవ్వక్కర్లేదు. లాగిన్ సరిచూడటం, డిజిటల్ సంతకం, ఫైల్ మారిందా లేదా చెక్ చేయడం లాంటివైతే ఈ కంట్రోల్ కిందకే రావు. కిరాణా డెలివరీ, ట్యూషన్ సెంటర్ హాజరు, పంచాంగం యాప్, ఇలాంటివి నూటికి తొంభై ఇక్కడే ఆగిపోతాయి.

మీది ఈ రకమే అని తేలాక ప్రతి బిల్డ్‌కీ ఆ ప్రశ్న రాకుండా చేసుకోవచ్చు. ఎక్స్‌కోడ్‌లో టార్గెట్ ఎంచుకుని ఇన్ఫో ట్యాబ్‌లో యాప్ యూజెస్ నాన్-ఎగ్జెంప్ట్ ఎన్‌క్రిప్షన్ అనే వరుస యాడ్ చేసి నో పెట్టండి. ఇక్కడ నో అంటే "మినహాయింపు లేని ఎన్‌క్రిప్షన్ నా దగ్గర లేదు" అని, అసలు ఎన్‌క్రిప్షనే లేదని కాదు, కాబట్టి హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా అని భయపడి యెస్ పెట్టుకోకండి. ఎక్స్‌పో వాడేవాళ్లు యాప్ డాట్ జేసన్ ఫైల్లో ఐఓఎస్ కాన్ఫిగ్ కింద ఇదే సెట్టింగ్‌కి ఫాల్స్ ఇస్తే సరిపోతుంది.

ఫ్లట్టర్ వాళ్లు మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. ఫ్లట్టర్ వాడే డార్ట్ భాష మామూలుగా హెచ్‌టీటీపీఎస్‌కి ఐఓఎస్‌ది కాకుండా బోరింగ్‌ఎస్ఎస్ఎల్ అనే తన సొంత లైబ్రరీని యాప్‌లోనే మోసుకొస్తుంది. అందరూ నో పెట్టేస్తున్నారు అనేది నిజమే, కానీ ప్రశ్నని అక్షరం ప్రకారం చదివితే అది "ఐఓఎస్‌తో పాటు వేరే స్టాండర్డ్ ఆల్గారిథమ్" కిందకి వస్తుంది. మనసులో పీకుతూ ఉండటం ఎందుకు అనుకుంటే కుపర్టినో హెచ్‌టీటీపీ ప్యాకేజీకి మారండి, అది యాపిల్ నెట్‌వర్కింగ్‌నే వాడుతుంది.

ఇక రెండో రకం, లిబ్‌సోడియం, ఓపెన్‌ఎస్ఎస్ఎల్, ఎస్‌క్యూఎల్‌సైఫర్, సిగ్నల్ ప్రోటోకాల్ లాంటి ఎన్‌క్రిప్షన్ కోడ్ మీరే యాప్‌లో పెట్టినవాళ్లు. ఆల్గారిథమ్ ఏఈఎస్ లాంటి స్టాండర్డ్‌ది అయితే ఇక్కడ స్టాండర్డ్ అనే ఆప్షన్ ఎంచుకోవాలి. అప్పుడు యాపిల్ ఫ్రాన్స్ గురించి అడుగుతుంది, ఎందుకంటే ఆ దేశానికి విడిగా తన రూల్ ఉంది, అక్కడి సైబర్ సెక్యూరిటీ సంస్థ ఆన్సీకి డిక్లరేషన్ పంపి వాళ్లిచ్చిన పత్రం అప్‌లోడ్ చేయాలి. ఫ్రాన్స్‌లో మీకు యూజర్లే లేకపోతే దేశాల లిస్టులో దాని టిక్ తీసేయడమే తేలిక, నేనైతే అదే చెప్తాను.

అమెరికా వైపు ఈ రకం యాప్ ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేదైతే మాస్ మార్కెట్ కింద 5డీ992 అనే ఎగుమతి వర్గీకరణ నంబర్‌లో మీరే వర్గీకరించుకోవచ్చు. మామూలు యాప్‌లకి బీఐఎస్‌కి పంపే వార్షిక రిపోర్టు కూడా 2021 మార్చిలో తీసేశారు, పాత బ్లాగుల్లో ఇంకా పంపాలనే ఉంటుంది, కంగారు పడకండి. కంపెనీలకి మాత్రమే అమ్మే సాఫ్ట్‌వేర్ అయితే కథ వేరు, అది చాలాసార్లు 5డీ002 అవుతుంది, లైసెన్స్ ఎక్సెప్షన్ ఈఎన్‌సీ (విడిగా లైసెన్స్ తీసుకోకుండా పంపే మినహాయింపు) కింద పంపుకుని పోయిన ఏడాది లెక్క ఫిబ్రవరి 1 లోపు సీఎస్‌వీ ఫైల్‌గా బీఐఎస్‌కీ ఎన్ఎస్ఏకీ మెయిల్ చేయాలి, అందులో ప్రోడక్ట్ పేరు, వర్గీకరణ నంబర్, తయారీదారు, మీ కాంటాక్ట్ లాంటి గడులు ఉంటాయి. ఈ ఎక్సెప్షన్ క్యూబా, ఇరాన్, ఉత్తర కొరియా లాంటి దేశాలకి పనిచేయదు.

అందరికంటే ఎక్కువ తిప్పలు పడేది సొంత సైఫర్, అంటే సొంత ఎన్‌క్రిప్షన్ పద్ధతి రాసుకున్నవాళ్లు. నాలుగు ఎక్సార్లు (బిట్లని కలిపే చిన్న లెక్క) కలిపి ఎవరికీ చూపించకుండా "మా ప్రొప్రైటరీ ఎన్‌క్రిప్షన్" అని బ్రోచర్లో వేసుకుంటారు చూడండి, చట్టం భాషలో అది నాన్-స్టాండర్డ్ క్రిప్టోగ్రఫీ, బీఐఎస్ వాళ్ల స్నాప్-ఆర్ పోర్టల్‌లో వర్గీకరణ దరఖాస్తు పెట్టి 30 రోజులు ఆగాలి, యాపిల్ కూడా సీక్యాట్స్ అనే ఆ వర్గీకరణ పత్రం అడుగుతుంది. సెక్యూరిటీ పరంగానూ చెత్త, కాగితాలూ ఎక్కువ, ఏఈఎస్‌కి మారిపోండి.

కోడ్ మొత్తం అందరికీ కనిపించేలా గిట్‌హబ్‌లో పెడితే, స్టాండర్డ్ ఆల్గారిథమ్సే ఉంటే, ఇప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు. నాన్-స్టాండర్డ్ అయితేనే లింకు ఇస్తూ బీఐఎస్‌కీ ఎన్ఎస్ఏకీ ఒక మెయిల్. గూగుల్ ప్లేలో ఇంత తతంగం కనిపించదు, అమెరికా ఎగుమతి చట్టాలు పాటిస్తాం అని ఒక టిక్ పెట్టిస్తారు అంతే, కానీ ఆ టిక్‌తో బాధ్యత మీ మీదే పడింది కాబట్టి పైన చేసిన వర్గీకరణ దానికీ వర్తిస్తుంది.

మన దేశం సంగతి కూడా చూసుకోండి. ఇండియా 2017 డిసెంబర్‌లో ఆయుధాలు, సున్నితమైన టెక్నాలజీ ఎగుమతుల మీద దేశాలు చేసుకున్న వాసెనార్ ఒప్పందంలో చేరింది, మన ఎగుమతి నియంత్రణ లిస్టు స్కోమెట్‌లో 8వ కేటగిరీ ఆ ఒప్పందం లిస్టు ప్రకారమే ఉంటుంది, ఎన్‌క్రిప్షన్ వస్తువులు 8ఏ5 పార్ట్ 2లో ఉంటాయి, చూసేది మన విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ. షాపు యాప్‌కి దీనితో పనిలేదు, వీపీఎన్ పరికరమో సెక్యూరిటీ సాఫ్ట్‌వేరో బయటి దేశపు కంపెనీకి అమ్ముతున్నారంటే మాత్రం ఇన్‌వాయిస్ పంపకముందే ఆ లిస్టు తెరిచి, కీ సైజు 56 బిట్లు దాటిందా, సమాచార రక్షణే దాని ప్రధాన పనా అని చూడండి. ఏ రకం అని తేల్చుకున్నా, ఏ లైబ్రరీ ఏ వెర్షన్ ఎందుకు వాడారో, ఏ ఆప్షన్ ఎందుకు ఎంచుకున్నారో ఒక ఫైల్లో తేదీ వేసి రాసి రెపోలోనే పెట్టుకోండి. కొత్త ఎస్‌డీకే (బయటివాళ్లిచ్చే రెడీమేడ్ కోడ్) కలిపిన ప్రతిసారీ ఆ ఫైల్ తెరవండి, ఎందుకంటే కొన్ని చాట్ ఎస్‌డీకేలూ పేమెంట్ ఎస్‌డీకేలూ చెప్పకుండానే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ని లోపల పెట్టుకొస్తాయి.