ఆర్మీ మిస్టరీ రాస్తాండారా? ట్విస్టులు తగ్గించి కథ నిలబెట్టుకునే పద్ధతి

అనంతపురం, కడప, కర్నూలు పక్క కథలు రాసే పిల్లోళ్లు ఈ మధ్య ఆర్మీ మిస్టరీల మీద పడినారు. చానా మంచిది. మన పల్లెల్లోంచి ఫౌజుకు పోయినోళ్లు ఎంతో మంది ఉండారు, ఆ బతుకులు కథల్లోకి రావాల్సిందే. కానీ నా దగ్గరికి చదవమని వచ్చేవాటిల్లో సగం దాటేసరికి ఒకటే వరస: చనిపోయినోడు బతికే ఉంటాడు, తర్వాత వాడు వాడు కాదు వాని కవల తమ్ముడంటారు, అంతలో కర్నల్ సారే శత్రువుల మనిషి, ఆఖర్న ఇదంతా పైనోళ్లు ఆడించిన సీక్రెట్ ఆపరేషన్ అని తేలుస్తారు. మొదటి ట్విస్టుకు చదివేటోడు లేచి కూర్చుంటాడు, రెండోదానికి అనుమానం మొదలు, మూడోదానికి ఇంక ఏదీ నమ్మడు, నమ్మనోడు ఆ జవాన్ చచ్చినా బతికినా పట్టించుకోడు. నష్టం అంతా ఈడే.

ఇట్లా ఎందుకు జరుగుతాదంటే, ఆర్మీ లోపల పని ఎట్లా నడుస్తాదో తెలీనప్పుడు ఆ ఖాళీని ట్విస్టుతో పూడుస్తారు. కాబట్టి ముందు చేయాల్సిన పని ఆ పద్ధతులు తెలుసుకోవడం. ఆర్మీలో ప్రతిదీ రాసి పెడతారు. కోత్ అంటే ఆయుధాలు పెట్టే గది, దాంట్లోంచి రైఫిల్ బయటికి రావాలంటే రిజిస్టర్‌లో నంబర్ పడాల, ఎవరు తీసుకున్నారో సంతకం ఉండాల, తూటాలు లెక్క చూసి ఇస్తారు, లెక్క చూసి తీసుకుంటారు. గేటు దగ్గర ఎవరు ఎప్పుడొచ్చినారో రాస్తారు. లీవుకు పోయేటోని దగ్గర లీవ్ సర్టిఫికెట్ ఉంటాది. మీ హీరో రాత్రిపూట గబగబా కోత్ తెరిచి రైఫిల్ ఎత్తుకొని పోయినాడని రాస్తే ఫౌజులో చేసినోళ్లు ఆ పేజీలోనే పుస్తకం మూసేస్తారు. అదే రిజిస్టర్‌లో ఒక సంతకం తేడాగా ఉందని రాయండి, అది మిస్టరీ, దానికి కవలలు అక్కర్లేదు.

ఇప్పుడు ఒక కథ కట్టి చూపిస్తాను. గుత్తి దగ్గర పల్లె, వాళ్ల పిల్లోడు లాన్స్ నాయక్, సిపాయి కంటే ఒక మెట్టు పైన. లీవు అయిపోయింది, గుంతకల్లులో రైలెక్కినాడు, వాళ్ల నాయన స్టేషన్‌కు పోయి ఎక్కించి వచ్చినాడు. యూనిట్ నుంచి మాత్రం మీవాడు రాలేదని కబురు. ఇక్కడ చట్టమే మీకు గడియారం పెడతాది చూడండి. 1950 నాటి ఆర్మీ యాక్ట్‌లో సెక్షన్ 106 ప్రకారం పర్మిషన్ లేకుండా 30 రోజులు డ్యూటీకి రాకపోతే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే ఆర్మీ లోపలి విచారణ, కూర్చోబెట్టి, వాడు ఫలానా రోజు నుంచి లేడని రాసుకుంటారు, ఆ తర్వాత వాడంతట వాడు లొంగిపోక, పట్టుబడక ఉంటే పారిపోయినోని కిందే లెక్క. పట్టుకోమని సివిల్ అధికారులకు కూడా రాస్తారు. అంటే కొడుకు కోసం ఏడుస్తాండే ఇంటికి పోలీసు వచ్చి మీ కొడుకు పరారీ, యాడ దాచినారు అని అడిగే రోజు వస్తాది. ఆ సీన్ ఒక్కటి నిజాయితీగా రాస్తే చాలు, పది ట్విస్టుల బలం దాంట్లోనే ఉండాది.

ఇంక ఆ ఒక్క ట్విస్టు. మొదటి చాప్టర్‌లో పిల్లోడు వాళ్లమ్మకు ఫోన్ చేస్తాడు, బాగుండాను మా, నా ఫోన్ చార్జింగ్ లేదు, వేరే వాళ్ల దాన్నుంచి చేస్తాండా అంటాడు. ఆమె ఆ నంబర్ గోడ మీది క్యాలెండర్ పక్కన పెన్సిల్‌తో రాసుకుంటాది, మళ్లీ చేసి చూస్తే స్విచాఫ్. చదివేటోడు రైల్లో ఎవరిదో ఫోన్ అనుకుంటాడు. రెండో చాప్టర్‌లో అదే యూనిట్ హవల్దార్ ఒకాయన లీవులో ఈ పక్కకు వచ్చి పరామర్శకు ఇంటికొస్తాడు, మంచిగా మాట్లాడతాడు, కాఫీ తాగుతా గోడ కల్లే చూస్తా కూర్చుంటాడు. పాపం బాధలో ఉన్నాడు అనుకుంటాం. చివర్లో తేలేది ఏందంటే ఆ నంబర్ ఆ హవల్దార్‌ది. పిల్లోడు నిజానికి యూనిట్ దాకా చేరినాడు, చేరలేదని అబద్ధం సాక్ష్యం చెప్పింది ఈయనే, ఇంటికి వచ్చింది పరామర్శకు కాదు, ఆ నంబర్ ఎవరి దగ్గరన్నా ఉందేమో చూడ్డానికి. మీ ట్విస్టు పనికొచ్చేదేనా అని తెలుసుకోడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఇదే: అది తెలిసినాక వెనక్కి పోయి చదివితే పాత సీన్ మారిపోవాల. మార్చని ట్విస్టును తీసేయండి, ఎంత ఇష్టపడి రాసినా సరే.

దానికి కాగితం మీద చిన్న పని ఉండాది. మీరు రాసిన ట్విస్టులన్నీ ఒక పక్క రాసుకోండి, ఎదురుగా ఆ ట్విస్టు వల్ల అర్థం మారే పాత సీన్ ఏదో, దానికి సాక్ష్యం ఏ పేజీలో కనిపించిందో రాయండి. సీన్ మారుతుంది గానీ సాక్ష్యం ముందు కనపడలేదంటే పోయి నాటండి, దాచకుండా నాటండి, క్యాలెండర్ పక్కన నంబర్ లాగా కళ్ల ముందే ఉండాల. ఎదురుగా ఏమీ రాయలేకపోతే ఆ ట్విస్టు కొట్టేయండి. మామూలుగా ఒకటి మిగులుతాది, ఎప్పుడన్నా రెండు.

ట్విస్టులు తీసేస్తే టెన్షన్ యాడ్నుంచి వస్తాది అని అడుగుతారు. ఎంక్వైరీ రూమ్‌లోంచే వస్తాది. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ అంటే శిక్ష వేసే కోర్టు కాదు, ఏం జరిగిందో సాక్ష్యాలు సేకరించే పద్ధతి. ఆర్మీ రూల్స్‌లో 180వ రూల్ ఒకటుంది, ఎవరి పరువు మీదికి, సైనికుడిగా వాళ్లకున్న పేరు మీదికి మాట వచ్చేలా ఉందో వాళ్లను ఎంక్వైరీ జరిగినంత సేపూ అక్కడే కూర్చోనివ్వాల, సాక్షులను ప్రశ్నలు కూడా అడగనివ్వాల. ఆలోచించండి, అనుమానం హవల్దార్ మీదికి మళ్లినాక ఆయన ఎదురుగానే కూర్చొని ఉంటాడు, సాక్ష్యం చెప్పాల్సింది ఆయన కింద పనిచేసే కుర్ర సిపాయి, రేప్పొద్దున మళ్లీ ఆయన దగ్గరే డ్యూటీ చేయాల. వాడు నీళ్లు నములుతాడు. ఆ రూమ్‌లో పది పేజీలు కూర్చోండి, తొందర పడొద్దు, చానా మంది ఈ భాగాన్ని రెండు లైన్లలో దాటేసి బయట జీపు చేజింగ్ రాస్తాండారు.

కేసు ఎవరిది అనేది కూడా సరిగ్గా రాయండి. చనిపోయింది ఆర్మీ మనిషి కాకుండా మామూలు పౌరుడైతే ఆర్మీ యాక్ట్ సెక్షన్ 70 కింద ఆ హత్య కేసును కోర్ట్ మార్షల్, అంటే ఆర్మీ సొంత కోర్టు, విచారించదు, యాక్టివ్ సర్వీస్‌లో (శత్రువు మీద పోరాటం లాంటి డ్యూటీలో) జరగడం లాంటివి కొన్ని మినహాయింపులు ఉండాయి. ఇది తెలీక ఊర్లో హత్యకు కర్నల్ ఉరిశిక్ష వేసినట్టు రాసేస్తారు. జనరల్ కోర్ట్ మార్షల్‌కే కనీసం ఐదుగురు ఆఫీసర్లు కూర్చోవాల, ఒక్క ఆఫీసర్ కోపంతో తేలిపోయేది కాదు.

కర్నూలోళ్లకు ఒక మాట. మన దగ్గర డీఆర్‌డీఓ (దేశ రక్షణ పరిశోధన సంస్థ) ఆయుధాలు పరీక్షించే రేంజ్ ఉండాది, 2025 ఏప్రిల్‌లో ఆడ లేజర్ ఆయుధంతో డ్రోన్‌ను కూల్చి చూపించినారు, గర్వంగానే ఉంటాది. అయితే ఆ వార్త చూసి కథలో లేజర్ రహస్యం, దాన్ని అమ్ముకునే సైంటిస్టు అని పెడితే లోపల ఏం జరుగుతాదో మీకూ తెలీదు, చదివేటోనికీ తెలీదు, ఊహ మీద ఊహ పేర్చాల్సి వస్తాది, మళ్లీ ట్విస్టుల దగ్గరికే పోతారు. అంతకంటే ఆ పక్క పల్లెలో ఒక మాజీ సుబేదార్ ఇల్లు తీసుకోండి, మీకు ఆ ఇల్లు తెలుసు, ఆ ట్రంకు పెట్టె తెలుసు.

రాయడం అయినాక ఇద్దరికి ఇవ్వండి. ఒకరు రిటైర్ అయిన హవల్దారో సుబేదారో, మీ ఊర్లో లేకుంటే జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు దగ్గర పెన్షన్ పనుల మీద వచ్చే వాళ్లతో పరిచయం చేసుకోండి, సార్ ఇది ఇట్లా జరుగుతాదా అని మర్యాదగా అడిగితే గంటలు చెప్తారు. యూనిట్ పేర్లు, ఎక్కడ ఎంతమంది ఉంటారు లాంటివి మాత్రం అడగొద్దు, కథకు అవి అక్కర్లేదు. రెండోవారు ఆర్మీ అంటే ఏమీ తెలీని మామూలు పాఠకులు. వాళ్ల చేతికి పెన్సిల్ ఇచ్చి, ఎవరి మీద అనుమానం వచ్చినా ఆ పేజీలో పేరు రాయమనండి. హవల్దార్ పేరు రెండో చాప్టర్‌లోనే రాసినారంటే ఆయన గోడ కల్లే చూడ్డం ఎక్కువ చెప్పేసినారు, ఆ వాక్యం తగ్గించండి. ఆఖరి దాకా ఒక్కసారి కూడా రాయలేదంటే సాక్ష్యం సరిపోలేదు, ఎంక్వైరీ సీన్‌లో ఇంకొక ప్రశ్న ఆయన చేత అడిగించండి.