ట్రాక్టర్ ఇంజన్‌కి డీజిల్ సరిగా అందకపోతే లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది కానీ స్టార్ట్ అవ్వదు. లేదా స్టార్ట్ అయి, కాసేపు నడిచి ఆగిపోతుంది. లేదంటే ఖాళీగా బాగానే నడుస్తుంది, నాగలి దించగానే రేస్ (ఇంజన్ వేగం) పడిపోతుంది. ఇలా ఏది జరిగినా చాలామంది ముందు అనుమానించేది డీజిల్ పంపునే. నా మాట వింటే పంపు జోలికి ఆఖరున వెళ్లండి. ట్యాంకు నుంచి పంపు వరకు ఉన్న దారిలోనే ఎక్కువ లోపాలు బయటపడతాయి. వాటిని సరిచేయడానికి సరైన సైజు పానాలు, శుభ్రమైన గుడ్డ, కారిన డీజిల్ పట్టుకోవడానికి ఒక గిన్నె ఉంటే చాలు.

ముందు ఆ దారి తెలియాలి. ట్యాంకు, దాని కింద కాక్ (డీజిల్ ఆపే కుళాయి), నీళ్లూ మడ్డీ దిగే గిన్నె, డీజిల్‌ను ముందుకు తోసే ఫీడ్ పంపు, ఒకటో రెండో ఫిల్టర్లు, ఇంజెక్షన్ పంపు (పైన చెప్పిన డీజిల్ పంపు ఇదే), అక్కడి నుంచి సన్నటి స్టీలు పైపులు, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు. మిగిలిన డీజిల్ రిటర్న్ పైపు గుండా ట్యాంకుకే వెళ్లిపోతుంది. మోడల్‌ను బట్టి వరుసలో చిన్న తేడాలుంటాయి, మాన్యువల్‌లో బొమ్మ చూసుకోండి.

జాగ్రత్త

పని మొదలుపెట్టే ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు లాక్ చేయండి. దగ్గర్లో బీడీ, సిగరెట్, మంట ఉండకూడదు. విప్పే ప్రతి నట్టు చుట్టూ ముందు శుభ్రంగా తుడవండి. ఇసుక రేణువు లోపలికి పోయినా పంపు, నాజిళ్లు అరిగిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యం: ఇంజన్ తిరుగుతుండగా స్టీలు పైపుల దగ్గర లీకును చేత్తో తడిమి చూడొద్దు. పాత తరహా ఇంజన్లలో ఇంజెక్టర్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకుంటుంది, కామన్ రైల్ ఇంజన్లలో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త తరహావి) ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. ఆ చిమ్ము చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల కండరం పాడవుతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలి. లీకు చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

1. పొగ చూడండి

సెల్ఫ్ కొడుతూ సైలెన్సర్ వైపు చూడండి. తెల్లగానో బూడిద రంగులోనో పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లోకి ఎంతోకొంత చేరుతోంది. పొగే లేకపోతే దారిలో ఎక్కడో ఆగిపోయింది.

పొగ లేనప్పుడు ముందు స్టాప్ లివర్ చూడండి. కేబుల్ పట్టేసి లివర్ ఆఫ్ వైపే ఉండిపోతే ఎంత తిప్పినా లాభం లేదు. డీజిల్‌ను కరెంటుతో ఆపే, వదిలే సోలెనాయిడ్ ఉన్న బండి అయితే తాళం తిప్పగానే టిక్‌మని చప్పుడు రావాలి. రాకపోతే దాని వైరు, ఫ్యూజు చూడాలి.

2. ట్యాంకు, మూత, కాక్

మీటరును నమ్మకుండా ట్యాంకులోకి చూడండి. ఏటవాలులో ఆగిన బండికి డీజిల్ ఉన్నా అవుట్‌లెట్‌కి అందకపోవచ్చు.

మూతకు గాలి లోపలికి పోయే చిన్న రంధ్రం ఉంటే అది దుమ్ముతో మూసుకుపోతుంది. అప్పుడు ట్యాంకులో గాలి తగ్గి, డీజిల్ కిందికి దిగదు. దీని లక్షణం స్పష్టం: బండి కొంతసేపు నడిచి ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఆగిన వెంటనే మూత వదులు చేస్తే గాలి పీల్చుకున్న శబ్దం వినిపిస్తే అనుమానం తీరినట్టే.

తర్వాత కాక్ తెరిచి, ఫీడ్ పంపుకి వచ్చే పైపు ఊడదీసి గిన్నెలోకి వదలండి. ట్యాంకు పంపుకంటే ఎత్తులో ఉన్న బండికి ధార ఆగకుండా పడాలి. సన్నగా కారితే కాక్ లోపలి జాలీలోనో పైపులోనో మడ్డి పేరుకుంది. మొదట బాగా వచ్చి తర్వాత తగ్గిపోతే ట్యాంకులో ఏదో చెత్త వచ్చి అడ్డం పడుతోంది.

మడ్డి దిగే గిన్నె విప్పి అడుగు చూడండి. డీజిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి కిందికి చేరి విడిగా కనిపిస్తాయి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి తేమ రాత్రి చల్లబడి నీరవుతుంది. అందుకే సాయంత్రం పని అయ్యాక నింపి పెట్టడం మంచి అలవాటు.

3. ఫీడ్ పంపు, ఫిల్టర్లు

ఫీడ్ పంపు అవుట్‌లెట్ పైపు వదులు చేసి ఒకరు సెల్ఫ్ కొడితే డీజిల్ బలంగా, ఆగి ఆగి చిమ్మాలి. బలం లేకపోతే పంపు వాల్వులోనో డయాఫ్రమ్‌లోనో (పంపు లోపల కదిలే పొర) తేడా ఉంది. ప్రైమర్ లివర్ (ఫీడ్ పంపును చేత్తో కొట్టే లివర్) నొక్కినా పట్టు తగలకపోతే పంపు పాడైందని వెంటనే తేల్చేయకండి. కొన్ని బండ్లలో పంపును నడిపే కామ్ ఎత్తులో ఆగినా అలాగే ఉంటుంది. ఇంజన్ కొంచెం తిప్పి మళ్లీ చూడండి.

డిప్ స్టిక్ కూడా తీసి చూడండి. ఇంజన్ ఆయిల్ మట్టం పెరిగి, పలచబడి, డీజిల్ వాసన వస్తుంటే డయాఫ్రమ్ చిరిగి డీజిల్ ఆయిల్‌లో కలుస్తూ ఉండొచ్చు. ఆ స్థితిలో ఇంజన్ నడిపితే బేరింగులు పోతాయి.

లోడ్ మీద రేస్ పడిపోవడం ఫిల్టర్ చోక్ అయినదానికి మామూలు గుర్తు. కాగితం ఫిల్టర్‌ను కడిగి మళ్లీ వేయకండి, కొత్తదే వేయండి. పాత రబ్బరు రింగు అంటుకుని ఉండిపోలేదని చూసుకోండి. నల్లపొగతో పాటు బలం తగ్గితే మాత్రం ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి.

4. ఎయిర్ పట్టిందా?

ఎయిర్ పట్టడమంటే డీజిల్ దారిలో గాలి చేరడం. మనుషుల్ని బాగా తిప్పలు పెట్టేది ఇదే. ఫీడ్ పంపు తర్వాతి భాగంలో సందు ఉంటే డీజిల్ బయటికి కారుతుంది, కంటికి కనబడుతుంది. పంపుకి ముందున్న భాగంలో సందు ఉంటే ఇంజన్ నడిచేటప్పుడు చుక్క కూడా కారకపోవచ్చు, అక్కడ గాలి లోపలికి లాగుతుంది. పైకి అంతా పొడిగా ఉంది కదా అని వదిలేస్తాం. రేస్ ఎగుడుదిగుడుగా ఉన్నా, పగలంతా బాగా నడిచి పొద్దున్నే మొండికేసినా ఈ వైపు చూడండి. రాత్రంతా సందులోంచి గాలి చేరి డీజిల్ వెనక్కి దిగిపోతుంది.

ఫిల్టర్‌కి, ఇంజెక్షన్ పంపుకి మధ్య తాత్కాలికంగా పారదర్శకమైన డీజిల్ పైపు బిగిస్తే బుడగలు కళ్లారా చూడొచ్చు. మడ్డి గిన్నె వాషర్, పగిలిన రబ్బరు పైపు, బాంజో బోల్టు (పైపు చివరను బిగించే, మధ్యలో బోలుగా ఉండే బోల్టు) కింది రాగి వాషర్లు, ప్రైమర్ సీలు, వీటిని ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోండి. విప్పిన రాగి వాషర్ మళ్లీ వాడకుండా కొత్తది వేయడమే మేలు.

ఇంకా తేలకపోతే శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, ఎత్తులో పెట్టి, పైపుతో నేరుగా ఫీడ్ పంపుకి ఇవ్వండి. బండి చక్కగా నడిస్తే లోపం ట్యాంకు వైపే.

5. ఎయిర్ తీయడం

ఇది పాత తరహా మెకానికల్ పంపు ఉన్న ఇంజన్లకు. కాక్ తెరిచి, ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) వదులు చేసి ప్రైమర్ కొట్టండి. నురగ పోయి బుడగల్లేని డీజిల్ వచ్చేదాకా కొట్టి, అది కారుతుండగానే బిగించండి. కారడం ఆగాక బిగిస్తే గాలి మళ్లీ లోపలే ఉండిపోతుంది. రెండు ఫిల్టర్లుంటే ట్యాంకు దగ్గరిది ముందు. తర్వాత ఇంజెక్షన్ పంపు బ్లీడ్ స్క్రూ దగ్గర ఇదే పని.

అయినా స్టార్ట్ కాకపోతే ఇంజెక్టర్ల దగ్గర స్టీలు పైపుల నట్లు ఒక చుట్టు వదులు చేసి, స్టాప్ లివర్ నడిచే స్థితిలో ఉంచి, సెల్ఫ్ కొట్టండి. ముఖం, చేతులు దూరంగా ఉంచాలి. డీజిల్ చిమ్మగానే బిగించండి. సెల్ఫ్ ఒకేసారి 10–15 సెకన్లకు మించి కొట్టొద్దు. మధ్యలో నిమిషమైనా ఆపాలి, లేకపోతే మోటారు కాలిపోతుంది.

కామన్ రైల్ ఇంజన్‌లో ఈ నట్లు విప్పనే కూడదు. ఎయిర్ తీసే పద్ధతి మాన్యువల్‌లో ఏముంటే అదే.

6. ఆఖరున ఇంజెక్టర్లు, పంపు

డీజిల్ బాగా అందుతున్నా ఇంజన్ తడబడుతుంటే, మెకానికల్ పంపు ఉన్న బండిలో, స్లోలో నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు మీద గుడ్డ కప్పి, పానాతో కొద్దిగా వదులు చేసి మళ్లీ బిగించండి. వదులు చేసినప్పుడు రేస్ తగ్గితే ఆ సిలిండర్ పనిచేస్తోంది. ఏ మార్పూ లేకపోతే లోపం ఆ సిలిండర్‌లోనే. అక్కడి ఇంజెక్టర్ తీయించి పరీక్ష చేయించండి.

ఇవన్నీ సరిగా ఉన్నాకే ఇంజెక్షన్ పంపు వంతు. దాని సీలు తెంచి స్క్రూలు తిప్పకండి. ఆ కొలతలు టెస్ట్ బెంచ్ మీద పెట్టి సరిచేయాల్సినవి. పంపు ఇచ్చేటప్పుడు ఇక్కడిదాకా ఏమేం చూశారో, ఏ లక్షణం ఎప్పుడు వస్తోందో మెకానిక్‌కి రాసిస్తే చూసినవే మళ్లీ చూడాల్సిన పని ఉండదు.