పాఠం 4: చీలమండ కోణం చదవడం, అప్పీల్ దారి ఎంచుకోవడం

మూడో పాఠంలో సర్వీస్ కనెక్షన్, అంటే జబ్బుకి సైనిక సేవతో ముడి ఉందని చూపించడం, దాకా వచ్చాం. దానికి కాలికి ఇప్పుడు జబ్బు ఉండాలి, సైన్యంలో ఉండగా ఏదో జరిగి ఉండాలి, ఆ రెంటికీ ముడి ఉందని డాక్టరు రాయాలి. అవును, కాదు రెండు వైపులా సమానంగా తూగితే సైనికుడి పక్షమే నెగ్గాలని అమెరికా చట్టం. మన ఉదాహరణ కుర్రాడు గుర్తున్నాడు కదా? జార్జియాలో పారాచూట్ ట్రైనింగులో కుడి చీలమండ బెణికించుకున్నవాడు. వీఏ (అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాలు చూసే శాఖ) అతని క్లెయిమ్ ఒప్పుకుని 10 శాతం వైకల్య రేటింగ్ ఇచ్చింది. ఇంట్లో వాళ్లు "పోన్లే, ఏదో ఒకటి వచ్చింది" అన్నారు. కుర్రాడేమో నెలలో నాలుగైదు రోజులు కర్ర లేకుండా అడుగు వెయ్యలేడు.

అప్పీల్ చెయ్యాలా వద్దా అన్నది కాసేపు ఆపండి. డెసిషన్ లెటర్ పక్కన పెట్టి, ముందు సి అండ్ పి పరీక్ష (క్లెయిమ్ కోసం వీఏ చేయించే వైద్య పరీక్ష) రిపోర్టు తెప్పించుకోండి. చేతిలో లేకపోతే 20-10206 ఫారంతో అడగొచ్చు. ఉత్తరం చదివిన కోపంలో అదే రాత్రి అప్పీల్ ఫారం నింపేసేవాళ్లే ఎక్కువ. కానీ ఉత్తరం రాసినవాళ్లు కుర్రాడి కాలు చూడనే లేదు. చూసింది పరీక్ష చేసిన మనిషి. ఆ మనిషి రాసిన అంకెల్ని వీఏ రేటింగ్ పట్టికలో పెట్టి చూడడమే ఉత్తరం రాసేవాళ్ల పని. కాబట్టి తప్పు వెతకాల్సింది రిపోర్టులో.

రిపోర్టులో రెండు కోణాలు వెతకండి. పాదాన్ని పైకి, అంటే మోకాలి వైపు ఎత్తడం డోర్సిఫ్లెక్షన్. మామూలు మనిషికి 20 డిగ్రీలు. కారు యాక్సిలరేటర్ నొక్కినట్టు కిందికి వంచడం ప్లాంటార్ ఫ్లెక్షన్. అది 45. కొలిచేది గోనియోమీటర్‌తో (కోణం కొలిచే పరికరం), కంటి అంచనాతో కాదు.

ఇక పట్టిక. చీలమండ కదలిక తగ్గినప్పుడు వాడే కోడ్ 5271. ఒకప్పుడు అందులో "ఒక మోస్తరు", "బాగా ఎక్కువ" అన్న మాటలే ఉండేవి. ఎవరి లెక్క వారిది. 2021 ఫిబ్రవరి 7 నుంచి వాటికి అంకెలు వచ్చాయి. పైకి ఎత్తడం 15 డిగ్రీల కంటే తక్కువైనా, కిందికి వంచడం 30 కంటే తక్కువైనా 10 శాతం. పైకి 5 కంటే తక్కువ, లేదా కిందికి 10 కంటే తక్కువ అయితే 20 శాతం. ఈ కోడ్‌లో అంతకు మించి లేదు. కీలు పూర్తిగా బిగుసుకుపోతే కోడ్ 5270, అది 40 దాకా వెళ్తుంది. నడవగలిగే కాలుకి ఆ కోడ్ అడిగి టైమ్ వృథా చేసుకోకండి.

ఇప్పుడు ఒక లెక్క. రిపోర్టులో పైకి 15, కిందికి 35 అని ఉంది, కదిపితే నొప్పి అని కూడా ఉంది. ఎంత రావాలి? పేపరు మీద రాసుకుని తర్వాత కింద చదవండి.

15 అంటే 15 కంటే తక్కువ కాదు. 35 కూడా 30కి పైనే. అంకెల ప్రకారం సున్నా. కానీ 4.59 అనే ఇంకో సెక్షన్ ఉంది. కీలు కదిపినప్పుడు నొప్పి ఉందని తేలితే ఆ కీలుకి ఉన్న కనీస రేటింగైనా ఇవ్వాలి. కాబట్టి 10 శాతం. సున్నా అన్నవాళ్లు నొప్పి గురించిన వాక్యాన్ని దాటేశారన్నమాట.

మన కుర్రాడి అంకెలు పైకి 8, కిందికి 35. పది శాతం సరిగ్గానే ఇచ్చారు! మరి కర్ర పట్టుకునే రోజుల సంగతి? ఈ పాఠంలో అసలు విషయం అదే. పరీక్ష జరిగింది మంచి రోజున. కాలు చెడ్డ రోజున ఎలా ఉంటుందో కూడా లెక్కలోకి రావాలి. నొప్పి తిరగబెట్టే ఆ రోజుల్ని ఫ్లేర్-అప్ అంటారు. రిపోర్టులో దానికి వేరే గడి ఉంటుంది. కుర్రాడి రిపోర్టులో "ఫ్లేర్-అప్స్ ఉన్నాయి" అని రాసి, కింద కోణం ఎంత తగ్గుతుందన్న చోట "ఊహించకుండా చెప్పలేను" అని వదిలేశారు. పరీక్ష రోజున ఫ్లేర్-అప్ లేదన్న ఒక్క కారణంతో అలా వదిలెయ్యడం చెల్లదని వెటరన్స్ అప్పీళ్ల కోర్టు 2017లో షార్ప్ వర్సెస్ షుల్కిన్ కేసులో చెప్పింది. ఎన్నాళ్లకోసారి వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఏ పని ఆగిపోతుంది అని అడిగి, అందిన సమాచారంతో అంచనా కట్టాలి. ఆ అంచనా 5 డిగ్రీల కిందికి పడితే 20 శాతం. 2025 రేట్లలో 10 శాతానికి నెలకి 175.51 డాలర్లు, 20 శాతానికి 346.95.

ఇక్కడ మన ఇళ్లలో ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. ఎలా ఉందని డాక్టరు అడగ్గానే మన నోట వచ్చే మొదటి మాట "ఫర్వాలేదండి". దానికి సైన్యంలో నేర్పిన ఓర్చుకోవడం తోడైతే రిపోర్టులో "ఫ్లేర్-అప్స్ లేవు" అని పడుతుంది. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా కష్టం. అబద్ధం చెప్పమని కాదు, చెడ్డ రోజు గురించి కూడా చెప్పమని.

సరే, దారి ఎటు? 2019 ఫిబ్రవరి 19 నుంచి మూడు దారులున్నాయి. హయ్యర్-లెవల్ రివ్యూలో (20-0996) కొత్త కాగితాలు తీసుకోరు, ఉన్న ఫైలునే సీనియర్ ఉద్యోగి మళ్లీ చూస్తారు, ఫోన్లో మాట్లాడే అవకాశం కూడా ఉంటుంది. మన కుర్రాడికి ఇదే సరి. తను ఫ్లేర్-అప్ గురించి చెప్పాడు, వాళ్లు రాసుకున్నారు, అంచనా మాత్రం ఎగ్గొట్టారు. తప్పు ఫైల్లోనే ఉంది. రివ్యూ చేసేవారు ఒప్పుకుంటే పరీక్షను సరిచేయడానికి వెనక్కి పంపుతారు.

అదే కుర్రాడు "ఫర్వాలేదండి" అని ఉంటే ఈ దారి దండగ. ఫైల్లో లేని దాన్ని రివ్యూలో ఎవరూ చూడలేరు. అప్పుడు సప్లిమెంటల్ క్లెయిమ్ (20-0995) పెట్టి కొత్త ఆధారం ఇవ్వాలి. సొంత డాక్టరు నింపిన చీలమండ డీబీక్యూ ఫారం (జబ్బు వివరాలు అడిగే వీఏ ప్రశ్నావళి) గానీ, భార్యో రూమ్మేటో 21-10210 ఫారంలో రాసిన వాంగ్మూలం గానీ పనికొస్తుంది. మూడోది వెటరన్స్ అప్పీళ్ల బోర్డుకి వెళ్లడం (10182). అక్కడ జడ్జి ఉంటారు, ఎదురుచూపూ ఎక్కువే. దాని గురించి ఆరో పాఠం.

ఏ దారైనా డెసిషన్ లెటర్ మీది తేదీ నుంచి ఏడాది లోపు పట్టాలి. అలా పడితే డబ్బు మొదటి క్లెయిమ్ తేదీ నుంచే లెక్కకొస్తుంది. ఏడాది దాటాక సప్లిమెంటల్ పెట్టినా తీసుకుంటారు గానీ ఆ పాత తేదీ పోతుంది. ఫారం నింపడానికి వెటరన్స్ సర్వీస్ సంస్థలు పైసా తీసుకోవు. మొదటి క్లెయిమ్ పెట్టడానికే ఫీజు అడిగేవాళ్లు ఎదురైతే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

వచ్చే పాఠంలోపు చెయ్యాల్సిన పని: ఫోన్లో ఒక నోట్ తెరవండి. కాలు మొరాయించిన ప్రతి రోజూ తేదీ, ఎన్ని గంటలు, ఏ పని ఆగింది, పాదం ఎంతవరకు లేచింది రాయండి. వీలైతే పక్కనుంచి ఒక ఫొటో. అయిదో పాఠంలో ఆ నోట్‌నే వాంగ్మూలంగా మారుస్తాం. కుడికాలు కాపాడుకోబోయి ఎడమకాలు దెబ్బతిన్నవాళ్లు రెండు కాళ్లకీ విడివిడిగా రాసుకోండి.